చూపు లేనివారికి ప్రభుత్వ సాయం, ఉచిత పరికరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా తెలియని నంబర్ నుంచి ఫోన్ వస్తే, అవతలివాళ్లు ఏం అడుగుతారో నాకు సగం ముందే తెలిసిపోతుంది. "అన్నా, సదరంలో ఎంత పర్సంటేజీ వేస్తారు?" లేకపోతే, "సార్, మాట్లాడే ల్యాప్‌టాప్ ఇస్తారంట కదా, ఎక్కడ?" నాకు రేచీకటితో మొదలై చూపు మెల్లగా పోయింది. ఆ ఆఫీసుల మెట్లన్నీ ఎక్కిదిగినవాణ్ణి కాబట్టి నన్ను అడుగుతారు. చెప్పిందే చెప్పీ చెప్పీ చివరికి ఇలా రాసిపెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## సర్టిఫికెట్ దగ్గర

సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు రెండూ ఒకటేనా?

కాదు. సదరం అంటే వైకల్యం ఎంత శాతం ఉందో తేల్చడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన పరీక్షా విధానం. మన ఊళ్లలో సర్టిఫికెట్‌కు ఆ పేరే స్థిరపడిపోయింది. యూడీఐడీ కేంద్రం దివ్యాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది. 2021 జూన్ 1 నుంచి సర్టిఫికెట్‌ను యూడీఐడీ పోర్టల్ ద్వారానే ఇవ్వాలని నిబంధన వచ్చింది. మీ దగ్గర పాత సదరం కాగితం మాత్రమే ఉంటే దాన్ని స్కాన్ చేసి, స్వావలంబన్ పోర్టల్‌లో కార్డుకు దరఖాస్తు పెట్టుకోండి. కార్డు మీద ఒక రంగు చార ఉంటుంది. 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80, ఆ పైన నీలం. ఆ రంగు మనకు కనిపించదు గానీ కౌంటర్‌లో కూర్చున్నవాళ్లు ముందు చూసేది దాన్నే.

పరీక్షకు స్లాట్ ఎక్కడ బుక్ చేసుకోవాలి?

ఏపీలో గ్రామ, వార్డు సచివాలయంలో లేదా మీసేవలో. తెలంగాణలో మీసేవలో లేదా యూడీఐడీ పోర్టల్‌లో. ఆధార్, ఫొటో, ఫోన్ నంబర్ ఉంటే చాలు. ఆ ఫోన్ మాత్రం మీ దగ్గరుండేదే ఇవ్వండి. నెట్ సెంటర్ వాళ్ల నంబర్ ఇచ్చి, మెసేజ్ ఎప్పుడొచ్చిందో తెలియక తేదీ దాటించుకున్నవాళ్లు నాకు తెలిసి చాలామంది ఉన్నారు.

ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోది బాగుంది. 40 శాతం వస్తుందా?

రాదు. మార్గదర్శకాల ప్రకారం దానికి 30 శాతం. పెన్షన్, రిజర్వేషన్ లాంటివాటికి కనీసం 40 ఉండాలి. "నలభై వేయిస్తాను" అని డబ్బు అడిగే బ్రోకర్ మాట నమ్మకండి. తప్పుడు మార్గంలో లబ్ధి పొందితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి.

మా ఆయన పేపర్ చదువుతాడు, కానీ దారిలో బకెట్ ఉంటే తన్నుకుని పడతాడు. డాక్టర్ "చూపు బాగానే ఉంది" అంటున్నాడు. ఏం చేయాలి?

నాకు జరిగింది సరిగ్గా ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. రేచీకటితో మొదలయ్యే రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లకు చాలామందికి చూపు అంచుల నుంచి పోతూ వస్తుంది. మధ్యలో గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగులుతుంది. గోడ మీది చార్టు చదవమంటే ఆ గొట్టంలోంచి కింది వరుసలు కూడా చదివేస్తాం. పక్కన నిలబడ్డ మనిషి మాత్రం కనిపించడు. ఇంట్లోవాళ్లకు, వీధిలోవాళ్లకు ఇది నాటకంలా అనిపిస్తుంది. "పేపర్ చదివేవాడికి బకెట్ కనపడదా?" అని మా మేనమామే అన్నాడు.

చట్టం చూపును రెండు విధాలుగా కొలుస్తుంది. ఒకటి ఎంత దూరం, ఎంత స్పష్టంగా కనిపిస్తుందన్నది. రెండోది ఎంత వెడల్పు కనిపిస్తుందన్నది. అద్దాలు పెట్టుకున్నాక కూడా, రెండింట్లో మెరుగైన కంటితో 3/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేదాన్ని 3 మీటర్ల నుంచి చూడగలగడం) కంటే తక్కువ కనిపిస్తే అంధత్వం. చూపు వెడల్పు 10 డిగ్రీల లోపు ఉన్నా అంధత్వమే, చార్టు ఎంత చదివినా సరే. 40 డిగ్రీల లోపు ఉంటే లో విజన్ కింద వస్తుంది. కాబట్టి క్యాంపులో చార్టు ఒక్కటే చూసి పంపించేస్తుంటే "ఫీల్డ్ టెస్ట్ కూడా చేయండి" అని అడగండి. పెరిమెట్రీ అన్నా అదే. ముందే ఏదైనా కంటి ఆసుపత్రిలో ఆ పరీక్ష చేయించుకుని రిపోర్టు తీసుకెళ్తే ఇంకా మేలు. నన్ను మొదటిసారి ఒక జిల్లా కేంద్రంలో జరిగిన క్యాంపు నుంచి చార్టు చదివించి వెనక్కి పంపేశారు. బయటికొస్తూ గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండ్‌ను గుద్దుకున్నాను. రెండోసారి రిపోర్టు పట్టుకుని వెళ్లాను.

పర్సంటేజీ తక్కువ వేశారు. మళ్లీ అడగొచ్చా?

అడగొచ్చు. చట్టంలోని 59వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు ఉంది. "నాకు అన్యాయం జరిగింది" అని రాస్తే పని కాదు. ఏ పరీక్ష చేయలేదో, మీ దగ్గరున్న ఏ రిపోర్టులో ఏముందో రాయండి. ఒక కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.

టెంపరరీ అని ఇచ్చారు. దాంతో ఏం లాభం?

అందులో రాసిన గడువు వరకు అది చెల్లుతుంది. చూపు మారే అవకాశం ఉందని డాక్టర్ అనుకుంటే అలా ఇస్తారు. గడువు తీరడానికి రెండు మూడు నెలల ముందే మళ్లీ స్లాట్ పెట్టుకోండి.

## పెన్షన్ దగ్గర

నెలకు ఎంత వస్తుంది?

ఏపీలో ఎన్టీఆర్ భరోసా కింద 2024 జూలై నుంచి 6,000 రూపాయలు. తెలంగాణలో ఆసరా కింద 2023 జూలైలో పెంచిన 4,016. రెండు చోట్లా చూపు లోపం 40 శాతం ఉండాలి.

పెన్షన్ తీసుకుంటున్నాను. పరికరం తీసుకుంటే పెన్షన్ ఆగిపోతుందా?

ఆగదు. పెన్షన్ ఒక పథకం, పరికరం ఇంకో పథకం. ఈ భయంతో చదువుకునే పిల్లలకు ల్యాప్‌టాప్ వద్దన్న తల్లిదండ్రులు కూడా ఉన్నారు.

మళ్లీ పరీక్షకు రమ్మని నోటీసు వచ్చింది. టెన్షన్‌గా ఉంది.

2025లో ఏపీలో దివ్యాంగ పెన్షన్లను పెద్ద ఎత్తున తిరిగి తనిఖీ చేశారు. అప్పుడు ఎక్కువగా ఇబ్బంది పడింది నోటీసును ఎవరూ చదివి వినిపించనివాళ్లు. అచ్చు కాగితాన్ని మన చేతిలో పెట్టి సంతకం తీసుకుని వెళ్లిపోతే అందులో ఏముందో మనకెలా తెలుస్తుంది? ఏ కాగితం వచ్చినా అదే రోజు ఎవరితోనైనా చదివించుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసి చదివించండి. చెప్పిన తేదీకి పాత సర్టిఫికెట్, కంటి రిపోర్టులు, ఆధార్ పట్టుకుని వెళ్లండి. ఆరోగ్యం బాగోక వెళ్లలేకపోతే ఆ సంగతి రాసిచ్చి రసీదు తీసుకోండి. నోరుమూసుకుని ఇంట్లో కూర్చోవడం ఒక్కటే పనికిరాదు.

నిరామయ బీమా మాకూ వర్తిస్తుందా?

చూపు లోపం ఒక్కటే ఉంటే వర్తించదు. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి. చూపు లోపంతో పాటు వీటిలో ఇంకొకటి ఉంటే అడగండి.

## పరికరాల కోసం

ఉచిత పరికరాలు అసలు ఎవరిస్తారు?

ముఖ్యంగా రెండు దారులు. మొదటిది కేంద్రం నడిపే ఆడిప్ పథకం. కాన్పూర్‌లోని అలింకో అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసిన వస్తువులు దీని కింద ఎక్కువగా క్యాంపుల్లో ఇస్తారు. రెండోది రాష్ట్ర దివ్యాంగుల సంక్షేమ కార్పొరేషన్. ల్యాప్‌టాప్‌ల లాంటివాటికి నోటిఫికేషన్ ఇచ్చి ఆన్‌లైన్‌లో దరఖాస్తులు తీసుకుంటారు. తెలంగాణలో ఓబీఎంఎంఎస్ పోర్టల్, ఏపీలో కార్పొరేషన్ వెబ్‌సైట్. నోటిఫికేషన్‌లో చదువు, వయసు, ఆదాయం నిబంధనలు ఈసారికి ఏమున్నాయో చూడండి. పోయినేడాది ఉన్నవే ఉంటాయని అనుకోవద్దు.

ఆదాయం ఎంత లోపు ఉండాలి?

ఆడిప్‌లో నెలకు 22,500 రూపాయల వరకు ఉంటే పరికరం పూర్తిగా ఉచితం. 22,501 నుంచి 30,000 వరకు ఉంటే సగం ధర కట్టాలి. తల్లిదండ్రుల మీద ఆధారపడినవారికి వాళ్ల ఆదాయం చూస్తారు. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకోండి. క్యాంపు మూడు రోజులుందనగా తహశీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగితే దొరకదు.

క్యాంపుకు వెళ్లిన రోజే ఇచ్చేస్తారా?

సాధారణంగా ఇవ్వరు. మొదటి క్యాంపు కొలతలు, పేర్లు రాసుకోవడానికి. వస్తువు ఇచ్చేది రెండో క్యాంపులో. మధ్యలో నెలలు గడుస్తాయి. మొదటి రోజు ఇచ్చే చీటీ పోగొట్టుకోవద్దు.

క్యాంపులో ఏం అడగాలి? వాళ్లిచ్చింది తీసుకుని రావడమేనా?

నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. క్యాంపుల్లో హడావిడంతా మూడు చక్రాల బళ్లు, చంకకర్రలు, వినికిడి మిషన్ల చుట్టూ తిరుగుతుంది. మన వంతు వచ్చేసరికి టేబుల్ అవతల కూర్చున్నాయన "బ్లైండా? స్టిక్ రాసెయ్" అంటాడు. ఒకసారి నా పక్కనున్న డిగ్రీ అమ్మాయికి కూడా కర్రే రాశారు. ఆ అమ్మాయి దగ్గర అప్పటికే రెండు కర్రలున్నాయి. కావాల్సింది పాఠాలు వినే డైసీ ప్లేయర్. అడగలేదు, ఎందుకంటే అలాంటిది ఒకటుందని తనకు తెలియదు.

కాబట్టి ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వెళ్లండి. బడి పిల్లలకైతే బ్రెయిలీ కిట్. అందులో స్లేటు, చుక్కలు గుచ్చే స్టైలస్ ఉంటాయి. కాలేజీవాళ్లకు డైసీ ప్లేయర్ లేదా స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉన్న ఫోన్, ట్యాబ్. చూపు కొంచెం మిగిలినవాళ్లకు మాగ్నిఫయర్. ఇంట్లో పెద్దవాళ్లకు మాట్లాడే గడియారం ఎంత ఉపయోగమో చెప్పలేను. మా అమ్మమ్మ "టైమెంతరా" అని రోజుకు ఇరవైసార్లు అడగడం మానేసింది. మీకు కావాల్సిన వస్తువు ఆ రోజు జాబితాలో లేకపోతే, ఏం కావాలో కాగితం మీద రాయించి ఇవ్వండి. కర్రకు ఊరికే సంతకం పెట్టేయొద్దు, ఎందుకో కింది ప్రశ్నలో చెబుతాను.

ఒకసారి తీసుకుంటే మళ్లీ ఎన్నేళ్లకు ఇస్తారు?

ఆడిప్‌లో అదే అవసరానికి మళ్లీ తీసుకోవాలంటే మూడేళ్లు ఆగాలి. పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది చాలు. అక్కర్లేని వస్తువుకు సంతకం పెడితే, కావాల్సినప్పుడు "మీరు ఆల్రెడీ తీసుకున్నారు" అనే మాట వినాల్సి రావచ్చు.

## వస్తువు ఇంటికొచ్చాక

కర్ర పొడవు ఎంత ఉండాలి?

నిటారుగా నిలబడి కర్రను నేల మీద ఆనిస్తే, పై కొస మీ రొమ్ము ఎముక దగ్గరికి రావాలి. నాకు మొదట ఇచ్చింది నడుము కంటే కొంచెం పైకి వచ్చేది. దాంతో నేల తడుముకుంటూ వంగి నడిచి, నెల తిరిగేసరికి నడుంనొప్పి తెచ్చుకున్నాను. తీసుకునేటప్పుడే నిలబడి కొలిచి చూసుకోండి. కింది కొసలోని ప్లాస్టిక్ టిప్పు రోడ్డు మీద అరిగిపోతుంది. కొత్తది దొరక్కపోతే చెప్పులు కుట్టే ఆయన హవాయి చెప్పు ముక్కను కోసి తొడుగుతాడు. తాత్కాలికంగా బాగానే పనిచేస్తుంది గానీ, చప్పుడు రాదు. టిప్పు నేల మీద చేసే ఆ చప్పుడు చాలా సంగతులు చెబుతుంది. కాబట్టి అసలు టిప్పు తెప్పించుకోండి.

స్మార్ట్ కేన్ అంటే ఏంటి? మామూలు కర్ర అక్కర్లేదా?

ఢిల్లీ ఐఐటీలో తయారై 2014లో బయటికొచ్చిన పరికరం అది. మడత కర్ర పైన పిడిలా తొడుగుతారు. చెవికి అందని శబ్ద తరంగాలు వదిలి, ఎదురుగా మూడు మీటర్ల లోపు ఏదైనా ఉంటే పిడి వణుకుతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ వణుకు తీరు మారుతుంది. మోకాలి పైన ఉండే అడ్డంకులకు ఇది వరం. లారీ వెనక పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు, వేలాడే కొమ్మలు, సగం తెరిచిన షట్టర్లు మామూలు కర్రకు తగలవు, మొహానికి తగులుతాయి. గుంతను, మూత లేని డ్రైనేజీని మాత్రం ఆ పిడి చెప్పదు. అది కింది కర్ర పని. అంటే రెండూ కలిసే పనిచేస్తాయి. సంతలో, బస్టాండ్‌లో జనం మధ్య అది ఆగకుండా వణుకుతూనే ఉంటుంది, అక్కడ ఆఫ్ చేసుకోండి. రాత్రిపూట ఫోన్ పక్కనే చార్జింగ్ పెట్టడం అలవాటు చేసుకోండి.

కర్ర ఇచ్చారు గానీ నడవడం ఎవరూ నేర్పలేదు.

మన దగ్గర ఉన్న పెద్ద లోపం ఇదే. వస్తువు పంచిన లెక్క ఉంటుంది, నేర్పిన లెక్క ఉండదు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పునరావాస విభాగం ఉంది. నడక, కంప్యూటర్, రోజువారీ పనుల శిక్షణ గురించి అక్కడ అడగండి. ఇంట్లోవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్తే వాళ్లూ నేర్చుకుంటారు. మనల్ని చేయి పట్టుకుని లాగకూడదని, మనమే వాళ్ల మోచేయి పట్టుకోవాలని అక్కడే తెలుస్తుంది.

ల్యాప్‌టాప్ వచ్చింది. ఆన్ చేస్తే ఏమీ మాట్లాడట్లేదు. పాడైందా?

పాడవలేదు. చాలాసార్లు డబ్బాలో వచ్చేది మామూలు ల్యాప్‌టాప్. విండోస్ కీ, కంట్రోల్, ఎంటర్ మూడూ కలిపి నొక్కండి. విండోస్‌లోనే ఉండే నేరేటర్ అనే స్క్రీన్ రీడర్ మాట్లాడటం మొదలుపెడుతుంది. నాకిది తెలియక కొత్త ల్యాప్‌టాప్‌ను వారం రోజులు బీరువాలో పెట్టాను. అది మాట్లాడటం మొదలుపెట్టాక ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ డౌన్‌లోడ్ చేసుకోండి. అది ఉచితం, రోజువారీ పనికి చాలు. డబ్బు పెట్టి జాస్ అనే ఇంకో స్క్రీన్ రీడర్ కొనమని ఎవరైనా చెబితే, ముందు ఎన్‌వీడీఏతో మూడు నెలలు పనిచేసి చూడండి.

తెలుగు చదవమంటే పిచ్చిపిచ్చి అక్షరాలు చదువుతుంది. ఎందుకు?

ఆ ఫైల్ అను ఫాంట్స్ లాంటి పాత ఫాంట్లతో టైప్ చేసి ఉంటుంది. తెర మీద చూసేవాళ్లకు తెలుగులా కనిపించినా లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. స్క్రీన్ రీడర్ లోపల ఉన్నదే చదువుతుంది. యూనికోడ్‌లో ఉంటేనే తెలుగు వినిపిస్తుంది. ఇక స్కాన్ చేసిన జీవోలైతే ఉత్త బొమ్మలు, వాటికి అసలు నోరే లేదు. అలాంటి పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి. అక్షరాలను గుర్తుపట్టి తెలుగులోకి మారుస్తుంది. పట్టికలు చెదిరిపోతాయి, ఒత్తులు అక్కడక్కడా తప్పుతాయి, కానీ విషయం తెలుస్తుంది.

ఫోన్ ఒక్కటే ఉంది. దాంతో ఏం చేయొచ్చు?

చాలా చేయొచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లో రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్, అంటే ఫోన్‌లోని స్క్రీన్ రీడర్ మొదలవుతుంది. మొదటిసారి మాత్రం చూపున్నవాళ్లు పక్కనుంటే మంచిది. నోట్లు గుర్తుపట్టడానికి రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన మణి యాప్ ఉంది, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. ఉత్తరాలు, మందుల పెట్టెలు చదవడానికి లుకౌట్, గూగుల్ లెన్స్ ఉన్నాయి.

బ్రెయిలీ పుస్తకాలు చాలా బరువు. పోస్టులో తెప్పిస్తే ఎంతవుతుంది?

ఏమీ అవదు. అంధుల కోసం తయారైన పుస్తకాల ప్యాకెట్‌ను ఏడు కిలోల వరకు తపాలా శాఖ ఉచితంగా తీసుకెళ్తుంది. ప్యాకెట్ మీద ఆ సంగతి రాయాలి, విప్పి చూడటానికి వీలుగా కట్టాలి. కౌంటర్‌లో కొత్త గుమస్తా ఉంటే "అలాంటిదేం లేదు" అంటాడు. మర్యాదగా పోస్టుమాస్టర్‌ను అడగమనండి. ఆడియో, ఎలక్ట్రానిక్ పుస్తకాలకైతే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది.

అమెరికాలో ఉన్న మా అన్నయ్య ఏదైనా పంపిస్తానంటున్నాడు. ఏం తెప్పించుకోవాలి?

ఎలక్ట్రానిక్ పరికరమైతే పాడయ్యాక ఇక్కడ బాగుచేసేవాళ్లు ఎవరో ముందు కనుక్కోండి. నా ఓటు పెర్కిన్స్ బ్రెయిలర్‌కు, అంటే బ్రెయిలీ టైపు మిషన్‌కు. కరెంటు అక్కర్లేదు, దశాబ్దాలు పనిచేస్తుంది. తెలుగు బ్రెయిలీ కూడా ఆ ఆరు చుక్కలతోనే కాబట్టి ఏ తేడా ఉండదు. బరువు మాత్రం ఐదు కిలోలకు దగ్గరగా ఉంటుంది. ఆవకాయ జాడీలకు లెక్కేసినట్టే సూట్‌కేసులో దీనికీ ముందే లెక్కేసుకోమనండి.

## ప్రయాణం, ఉద్యోగం, ఫిర్యాదు

రైల్లో రాయితీ ఎంత? తోడు వచ్చేవాళ్లకు కూడా ఇస్తారా?

పూర్తిగా చూపు లేనివారికి సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లలో 75 శాతం. ఫస్ట్, సెకండ్ ఏసీల్లో 50 శాతం. రాజధాని, శతాబ్దిల థర్డ్ ఏసీ, ఏసీ చైర్ కార్‌లలో 25 శాతం. తోడు వచ్చే ఒకరికి కూడా అంతే రాయితీ. ఆన్‌లైన్‌లో టికెట్ తీయాలంటే రైల్వే ఇచ్చే ప్రత్యేక గుర్తింపు కార్డు ముందుగా తీసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా చూపు పోయింది. రాజీనామా చేయమంటున్నారు.

చేయకండి. 2016 చట్టం 20వ సెక్షన్ ప్రకారం ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని ప్రభుత్వ సంస్థ తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో ఇంకో పోస్టుకు మార్చాలి. పోస్టు ఖాళీ లేకపోతే అదనపు పోస్టులో ఉంచాలి. పనికి కావాల్సిన సౌకర్యాలు కల్పించడమూ అదే సెక్షన్‌లో ఉంది. స్క్రీన్ రీడర్ కావాలని రాతపూర్వకంగా అడగండి.

బ్యాంకులో చెక్‌బుక్, ఏటీఎం కార్డు ఇవ్వం అంటున్నారు.

చూపు లేదన్న కారణంతో చెక్‌బుక్, ఏటీఎం, లాకర్, నెట్ బ్యాంకింగ్, అప్పు నిరాకరించకూడదని రిజర్వ్ బ్యాంక్ 2008లోనే బ్యాంకులకు రాసింది. మేనేజర్‌ను నిరాకరణ కాగితం మీద ఇమ్మనండి. నేనడిగినప్పుడు ఆ కాగితం రాలేదు, నాలుగో రోజు కార్డు వచ్చింది.

దరఖాస్తు పెట్టి ఏడాదైంది, జవాబు లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు జిల్లాలోని సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్లండి. ఏపీలో ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్), తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి. అక్కడ దరఖాస్తు నంబర్ చెప్పి, ఏ టేబుల్ దగ్గర ఆగిందో అడగండి. ఫలితం లేకపోతే సమాచార హక్కు కింద "నా ఫలానా నంబర్ దరఖాస్తుపై ఏ తేదీన ఏ చర్య తీసుకున్నారు" అని ఒక్క ప్రశ్న వేయండి. పది ప్రశ్నలు వేస్తే పదకొండో సాకు దొరుకుతుంది. ఆ తర్వాత రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు. తెల్లకాగితం మీద రాసినా సరిపోతుంది. పాత రసీదుల కాపీలు జతచేయండి. నేను రసీదులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి, ఏది ఏ ఆఫీసుదో తెలియడానికి మూలన బ్రెయిలీ చుక్కలు గుచ్చుకుంటాను. బ్రెయిలీ రానివాళ్లు పిన్నులు పెట్టుకోవచ్చు. ఒక పిన్ను పెన్షన్, రెండు పిన్నులు పరికరం, మూడు రైలు.